వెనక కాలితో తన్నిన సిపాయి

రికార్డులో పడ్డ తప్పును దిద్దకుండా వదిలేయడమంత మహోపకారం మానవజాతికి మరొకటి లేదు!

ఏమిటలా చూస్తారు? సైనిక రికార్డుల ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్ళుగా గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి, తెలిసే చెబుతున్నాను. మనిషి పొద్దున ఒక మాట అంటాడు, సాయంత్రానికి మాట మారుస్తాడు. కాగితం అలా కాదు. ఒకసారి అన్నదంటే చెదలు పట్టేదాకా ఆ మాట మీదే నిలబడుతుంది. అంత నిలకడ మీ బంధువుల్లో ఎవరికైనా ఉందా?

మా మేనత్త సంగతే తీసుకోండి. తొమ్మిదేళ్ళ క్రితం మునిసిపాలిటీ వాళ్ళు ఆవిడ కాలం చేసినట్టు రాసేసుకున్నారు. ఆ రోజు నుంచి జనాభా లెక్కల వాళ్ళు ఆవిడ తలుపు తట్టరు, ఓట్లడిగేవాళ్ళు గేటు దాటి రారు, సర్వే చేసే అమ్మాయిలు వయసెంతని అడగరు. ఆవిడకి బీపీ తగ్గింది, నిద్ర పడుతోంది. "పోయి బాగుపడ్డాన్రా అబ్బాయ్" అంటుంది, ఉయ్యాలబల్ల మీద కూర్చుని.

మా వీధి చివరింటాయన కరెంటు ఆఫీసు లెక్కల్లో ఐస్ ఫ్యాక్టరీ. ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు తీసేస్తే వీధంతా విసనకర్రలు పట్టుకుని కూర్చుంటే, ఆయనొక్కడి ఇంట్లో ఫ్యాన్లు తిరుగుతుంటాయి. దిద్దిస్తానంటే ఆయన ఊరుకుంటాడా? మేం ఊరుకుంటామా? మా వాళ్ళందరికీ ఆయన వరండాయే గతి.

కనుక తప్పు మంచిదే. దాన్ని కదిలించడమే చెడ్డది. నమ్మకపోతే మా సిపాయి కథ వినండి.

ఈయన కొండదారుల్లో సామాన్లు మోసే కంచరగాడిదల దళంలో పన్నెండేళ్ళు పనిచేశాడు. ఆయన చేతికింద గాడిద పేరు దొరసాని. పేరుకు తగ్గ అతిశయమే. ఎవరు ముందునుంచి వచ్చినా తల వంచేది, ఎవరు వెనకనుంచి వచ్చినా ఊరుకునేది కాదు. ఒకరోజు పై అధికారి తనిఖీకి వచ్చాడు. తెల్ల గ్లవ్ తొడుక్కుని, దుమ్ముందేమో చూడాలని దొరసాని వెనక్కి వెళ్ళి వీపు తుడవబోయాడు. "వెనక నిలబడకండి సార్" అన్నాడు సిపాయి. అధికారులకి సిపాయిలు చెప్పడమేమిటి? ఆయన అక్కడే నిలబడ్డాడు. తర్వాత మూడు వారాలు ఎక్కడా కూర్చోలేకపోయాడు.

దొరసానిని దుష్ప్రవర్తన కింద తీసేయాలని ఆర్డరు వచ్చింది. సరిగ్గా ఆ వారమే సిపాయి సర్వీసు కూడా ముగిసింది. మా ఆఫీసులో అప్పట్లో మనిషికీ పశువుకీ ఒకటే డిశ్చార్జి ఫారం. సర్వజీవులూ సమానమనే ఉన్నత భావంతో కాదు, రెండోరకం ఫారాలు అయిపోయి ఆరు నెలలైంది. ఫారం మీద నంబరుంటుంది. ప్రవర్తన ఎలాంటిదో వేరే చీటీ మీద టైపు చేసి గుండుసూదితో గుచ్చుతారు. బల్ల మీద రెండు ఫారాలూ రెండు చీటీలూ ఉన్నాయి, నెత్తిమీద ఫ్యాన్ ఉంది. చీటీలు ఎగిరి కౌంటరు అవతల పడ్డాయి. కాగితం కోసం అక్కడే నిలబడ్డ సిపాయి వంగి వాటిని ఏరి, ప్రభుత్వ కాగితం చదవకూడదు కనుక చదవకుండా, భద్రంగా గుమాస్తాకి అందించాడు. ఆ సీటుకి కొత్తగా వచ్చిన గుమాస్తా వాటిని చకచకా గుచ్చేశాడు.

ఆ గుమాస్తా ఎవరన్నది ఇక్కడ అప్రస్తుతం.

సిపాయి ఇంటికెళ్ళి పెట్టె దించి, కాగితం భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ వీధి గుమ్మంలోనే గట్టిగా చదివింది. 'దుష్ప్రవర్తన. పై అధికారిని వెనక కాలితో తన్నెను. తోటివాటితో కలిపి కట్టరాదు. మేత వేయునపుడు ఎదురుగా వెళ్ళవలెను.'

"ఎవర్ని తన్నావయ్యా?" అంది ఆవిడ.

"నేనెవర్నీ తన్నలేదే!"

"మరి గవర్నమెంటు అబద్ధం రాస్తుందా?" అంది లోపల్నుంచి వాళ్ళత్తగారు. ఆ పూట నుంచి ఆవిడ అల్లుడికి ఎదురుగా వచ్చే వడ్డించింది. ఏమాటకామాటే, ఆవిడంత క్రమశిక్షణ ఆయన దళంలో కూడా ఎవరికీ లేదు.

ఇక దొరసాని ఫారం మీద ఏముందంటారా? 'పన్నెండేళ్ళు నిష్ఠతో పనిచేసెను. అధికారుల యెడ మిక్కిలి విధేయుడు. కుటుంబముతో శేషజీవితము సుఖముగా గడుపగలడని ఆశిస్తున్నాము.' కంచరగాడిదకి సంతానం ఉండదని అందరికీ తెలుసు. అయినా ఆశించడంలో తప్పేముంది? దాన్ని సగౌరవంగా పచ్చిక మైదానంలో వదిలారు. అది తిని, పడుకుని, దగ్గరకొచ్చిన ఇద్దరు డాక్టర్లని తన్ని, వయసు మీరి పోయింది. దాని పేర ఒక రాయి నిలబెట్టారు. ఏటా ఆ రోజున బ్యాండు వాయిస్తారు, పూలగుత్తి పెడతారు, ఎవరో ఒక పెద్దాయన విధేయత గురించి ఉపన్యాసమిస్తాడు.

సిపాయికి మాత్రం ఉద్యోగం దొరకలేదు. బ్యాంకు గార్డు పనికి వెళితే మేనేజరు కాగితం చదివి, కుర్చీ గోడకి ఆనించుకుని మరీ మాట్లాడాడు. స్కూలు బస్సు వాళ్ళు పిల్లల క్షేమం అన్నారు. చివరికి ఒక గోడౌన్లో బస్తాలు మోసే పని దొరికింది. ఒకప్పుడు గాడిద చేత మోయించిన బరువుని ఆయనే మోశాడు. చూశారా, తప్పుడు కాగితం వల్ల మనిషికి వ్యాయామం!

డిశ్చార్జి కాగితాల్లో తప్పులు దిద్దే మా బోర్డుకి అర్జీ పెట్టుకున్నాడు. చీటీలు తారుమారైనట్టున్నాయి, దుష్ప్రవర్తన తీసేసి కాగితాన్ని అప్‌గ్రేడ్ చేయమన్నాడు. 'పరిశీలనలో ఉన్నది' అని జవాబిచ్చాం. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అదే జవాబిచ్చాం. పద్నాలుగేళ్ళు పరిశీలించాం. ఒక సామాన్య సిపాయిని ప్రభుత్వం అన్నేళ్ళు మర్చిపోకుండా తలుచుకోవడం చిన్న విషయమా? పెళ్ళైన కొత్తలో భార్యని తలుచుకున్నంతగా తలుచుకున్నాం.

పోయిన వారం ఆయన్ని విచారణకి పిలిచాం. పిలవక తప్పలేదు, ఆయన మూడు రోజులు మా మెట్ల మీదే కూర్చున్నాడు. పశువుల ఆసుపత్రిలో జంతువులని పట్టుకునే ఉద్యోగం ఒకటి ఖాళీ పడిందట. మాజీ సైనికుడై ఉండాలి, ప్రవర్తన మంచిదై ఉండాలి, నలభై అయిదు నిండకూడదు. విచారణ రోజుకి ఆయనకి అవి నిండడానికి రెండు రోజులే ఉంది. ఈ పని తప్ప ఆయనకి చేతనైన పని లోకంలో మరొకటి లేదు, ఈ పనిని ఆయనంత ప్రేమగా చేసేవాడూ లేడు.

పొడుగుబల్ల వెనక అధ్యక్షులవారు, లాయరు సభ్యుడు, డాక్టరు సభ్యుడు కూర్చున్నారు. చివర్న ఫైళ్ళతో నేను. సిపాయి కుర్చీలో కూర్చోకుండా అటెన్షన్‌లో నిలబడ్డాడు. నీళ్ళు తెచ్చిన బంట్రోతు ఫైలు చదివినవాడే కాబోలు, గదంతా చుట్టి ఎదురుగా వెళ్ళి గ్లాసందించాడు.

"ఎందుకు తన్నావ్?" అన్నారు అధ్యక్షులవారు.

"నేను తన్నలేదు సార్. దొరసాని తన్నింది."

"మీ ఆవిడా?"

"కంచరగాడిద సార్."

"నోరులేని జీవం మీద నెపం వేస్తున్నాడు, రాసుకోండి" అన్నాడు లాయరు. నేను రాసుకున్నాను.

డాక్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "వెనక కాలితో అనుంది కదండీ. మనిషికి వెనక కాలేమిటి?"

"ఒకటి ముందుకేస్తే రెండోది వెనకదే కదా?" అన్నాడు లాయరు. వైద్యశాస్త్రం అంతదాకా ఇంకా రాలేదు.

అయినా డాక్టరు పట్టు వదల్లేదు. దొరసాని ఫైలు తెప్పించాడు. చదివాడు, నవ్వాడు. "అధ్యక్షా, ఇది తారుమారే. చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది."

అధ్యక్షులవారు నవ్వలేదు. కిందటేడు ఆ రాతి దగ్గర పూలగుత్తి పెట్టిందీ, ఇరవై నిమిషాలు మాట్లాడి కళ్ళు తుడుచుకుందీ ఆయనే మరి. "ఆ రాయి తీయించాలంటే ఎన్ని సంతకాలు కావాలో తెలుసా?" అన్నారు.

"తీయొద్దు. ఇద్దరికీ మంచి ప్రవర్తనే ఇచ్చేద్దాం."

"మరి తన్నిందెవరు?" అన్నాడు లాయరు. "దెబ్బ ఉంది. ఆసుపత్రి చీటీ ఉంది. దెబ్బ ఉన్నప్పుడు తన్నినవాడు ఉండి తీరాలి."

పాఠకులారా, ఈ వాదనలో ఉన్న పటుత్వం గమనించారా? మచ్చ అనేది చెరిగిపోదు, ఎవరిమీదో ఒకరిమీద ఉండాలి. ఇన్నాళ్ళూ ఒకరు దాన్ని బుద్ధిగా మోస్తుంటే, లాగి ఇంకొకరి మీద వేయడం ఎందుకు?

డాక్టరు సిపాయి వైపు తిరిగాడు. "ఆ రోజు ఈ చీటీలు గుచ్చిన గుమాస్తా ఎవరు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి ఎందుకో పెన్నుల జేబు మీదికి వెళ్ళింది. సిపాయి నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపమే ఉంటే నాకు ఇంత ఇబ్బంది ఉండేది కాదు.

"పేరు చెప్పు" అన్నాడు లాయరు. "విచారణ వాయిదా వేసి ఆ గుమాస్తాకి నోటీసిస్తాం. ఆర్నెల్లలో తేల్చేస్తాం."

"ఆర్నెల్లా సార్?" అన్నాడు సిపాయి. గోడ మీది క్యాలెండరు చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. "ఫ్యాన్ తిరుగుతోంది సార్. అంతే నాకు గుర్తు."

"ఫ్యాన్‌కి నోటీసివ్వలేం" అన్నాడు లాయరు. "ఇంకో దారుంది. తప్పు ఒప్పుకుని పశ్చాత్తాపపడినవాడికి అప్‌గ్రేడ్ ఇవ్వొచ్చని రూలుంది. ఈ క్షణంలోనే ఇవ్వొచ్చు."

ఒక్క మాట చాలు. 'ఆ గుమాస్తాని నేనే, నా చేత్తోనే గుచ్చాను' అని నేనంటే నోటీసక్కర్లేదు, వాయిదా అక్కర్లేదు. మాట గొంతుదాకా వచ్చింది కూడా. కానీ వచ్చేనెల నా రిటైర్‌మెంటు. ఇరవై తొమ్మిదేళ్ళలో నా రికార్డు మీద ఒక్క మచ్చ లేదు. మాటని నీళ్ళతోపాటు మింగేశాను.

"తన్నాను సార్" అన్నాడు సిపాయి. పద్నాలుగేళ్ళుగా అనని మాట.

"ఏ కాలితో?" అన్నాడు లాయరు. ఒప్పుకోలు సమగ్రంగా ఉండాలి కదా.

"వెనక కాలితోనే సార్. తప్పైపోయింది. ఇంకెప్పుడూ తన్నను."

అధ్యక్షులవారి కళ్ళు చెమర్చాయి. ఐదు నిమిషాల్లో సంతకాలయ్యాయి, ముద్ర పడింది. పద్నాలుగేళ్ళు నిజం చెబితే కదలని ఫైలు, ఒక్క అబద్ధానికి పరుగెత్తింది. మా ఆఫీసులో పని జరగదనేవాళ్ళు వచ్చి చూడాలి! చీటీ నేనే గుచ్చాను. ఈసారి ఫ్యాన్ ఆపి, నంబరు రెండుసార్లు సరిచూసి మరీ గుచ్చాను.

ఎవరు చేసింది వాళ్ళే అనుభవిస్తారని పెద్దలంటారు. ఆ పెద్దలెవరూ రికార్డుల ఆఫీసులో పనిచేసినట్టు లేరు. తన్నింది దొరసాని, దానికి రాయీ బ్యాండూ. చీటీ మార్చింది నేను, నాకు వచ్చేనెల శాలువా. రెంటికీ దూరంగా ఉన్న మనిషి మూడు కుర్చీల ముందు నిలబడి క్షమాపణ చెప్పుకున్నాడు. లెక్క సరిపోయింది, ఫైలు మూసేశాం.

నిన్న మా ఇంటి పిల్లికి చెవి పుండైతే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆ పుండు పది రోజుల నుంచీ ఉంది. నిన్ననే ఎందుకు తీసుకెళ్ళాలనిపించిందో మీరు అడగొద్దు, నేను చెప్పను.

సిపాయి కొత్త ఖాకీ చొక్కాలో ఉన్నాడు. ఒక ముసలి గుర్రం ముందు నిలబడి, దాని నుదురు నిమురుతూ, ఏవో ఊసులు చెబుతూ ఒక్కో గిట్టా ఎత్తి చూస్తున్నాడు. మనిషి పదేళ్ళు చిన్నవాడైనట్టున్నాడు. నన్ను చూసి "రండి గుమాస్తాగారూ" అంటూ ఇటు తిరిగాడు. అదే అదననుకుందేమో, గుర్రం వెనక కాలెత్తి ఆయన తొడ మీద ఒక్కటిచ్చింది.

ఆయన గోడకి ఆనుకుని, నవ్వు ఆపుకోలేక నవ్వాడు. ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటు కదా, నా చెయ్యి దానంతటదే జేబులో పెన్ను మీదికి పోయింది. అది ఆయన చూశాడు.

"వద్దు సార్, రాయకండి" అన్నాడు, తొడ రుద్దుకుంటూ. "మళ్ళీ ఎవరి కాగితం మీద పడుతుందో."