పుంగనూరు గోలుపోస్టులో గోమాత

స్వస్తి! టమోటా ధర పొద్దున ఆకాశాన్నంటి సాయంత్రానికి నేల కరిచే మదనపల్లెకు దక్షిణాన, మూడు రాష్ట్రాలు మూతులు రాసుకునే కుప్పానికి ఉత్తరాన, పొట్టి ఆవుల పుణ్యాన దిగంతవిశ్రాంతకీర్తి గడించిన పుంగనూరు పట్టణమందు, ఫాల్గుణమాసపు మండుటెండవేళ, అంతర్జాతీయ మహిళా హాకీ మహాసంగ్రామమున సంభవించిన ఒకానొక గోలు చరిత్రము చెప్పెదను, వినుడు. వినక గుసగుసలాడువారికి పచ్చకార్డు చూపబడును.

మదనపల్లెలో తొలిపోరు ముగిసింది. పుంగనూరులో మలిపోరు గెలిచినవారికే కుప్పంలో తుదిపోరు. నాటి మన ప్రత్యర్థులు సముద్రాలకు ఆవలి ఒక దేశపు ఆడపడుచులు. ఆ దేశం పేరు చెప్పను, చెబితే నన్ను కూడా బహిష్కరిస్తారు. ఎక్కడో ఏదో సభలో వారి మంత్రివర్యుడు, మన మంత్రివర్యుడు 'ముందు నువ్వు చెయ్యి చాపు' అంటే 'ముందు నువ్వు చాపు' అని బిగుసుకున్నారట. ఆ రోషాగ్ని ఖండాంతరాలు దాటి వచ్చి, ఆ పిల్లలు ఇడ్లీ తింటున్న వేళ ఆదేశమై కూర్చుంది: ఆడరాదు, మైదానంలో అడుగు మోపరాదు! పాపం, కాళ్లకు కట్టుకున్న ప్యాడ్లు విప్పక, మైదానం పక్కనే ఆగిన బస్సులో బిక్కమొహాలతో కూర్చున్నారు. ఇద్దరు పెద్దమనుషులు చేతులు కలపనందుకు ఇన్ని చేతుల్లో కర్రలు మూలబడటం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక మన కథానాయిక! ప్రత్యర్థిదర్పవిదారిణి, రక్షణపంక్తివజ్రప్రాకారము, బి.కొత్తకోట అంబిక. పన్నెండేళ్లుగా గోలులు ఆపడమే గానీ కొట్టిన పాపాన పోలేదు. మోకాలు అరిగింది, ఈ పోటీతో ఆట చాలించమన్నాడు డాక్టరు. ఆమె తల్లి మునిలక్ష్మి మదనపల్లె యార్డులో టమోటాలు ఏరుతుంది. "మీ పాప గోలు కొట్టిందామ్మే?" అని తోటి ఆడవాళ్లు అడిగినప్పుడల్లా "ఇంగా లేదు" అని తలవంచుకునే ఆ తల్లి, ఆనాడు పని మాని వచ్చి గీత పక్కన కూర్చుంది.

అంతట నిర్వాహకాగ్రేసరుడు, పట్టుగూళ్ల వ్యాపారి గురప్ప మైకందుకుని గర్జించెను: "సూడండప్పా! ఎదుటోళ్లు రాకుంటే ఊరికే గెలుపిచ్చేది మా ఊరి కబడ్డీలోనే లేదు. గీత దాటిపోయి తొడగొట్టి రావల్ల. ఈడా అంతే. మొదుటి విజిలుకూ రెండో విజిలుకూ నడాన బంతి గోల్లో పడల్ల. పడలేదా, ఆట రద్దు, కుప్పం పయనం బందు!"

ఖాళీ గోలులో బంతి వేయడం ఎంత పని అంటారా? అక్కడే ఉంది అసలు తిరకాసు. ఆ ఉదయం ఆరంభోత్సవానికి గోపూజ చేశారు. తూర్పుముఖంగా ఉన్నది అంబిక బంతి వేయాల్సిన గోలుపోస్టే కనుక, పాపమ్మగారి పుంగనూరు ఆవును సరిగ్గా అందులోనే నిలబెట్టి, పసుపు పూసి, బొట్టు పెట్టి, గంపెడు అరటిపండ్లు, బెల్లం తినిపించారు. పశువుకేం తెలుసు! ఇదే తన భోజనశాల అనుకుంది. మొదటి విజిలు మోగేసరికి తిరిగొచ్చి, గోలులో పడుకుని నెమరు వేయసాగింది.

"తోలు పాపమ్మా!" అన్నాడు గురప్ప.

"బాగుండాదే! పూజ జేసిన ఆవును పొద్దుగుంకేదాకా తోలగూడదని మీరే గదప్పా సెప్తిరి? నేను తోలను, తోల్నీయను."

అంబిక బరిలోకి దిగింది. ఆవుకు తగిలితే మహాపాతకమని భయపడుతూ, పసిపిల్లను జోకొట్టినంత మెల్లగా బంతిని మూలకు నెట్టింది. గోమాత మెడ చాచి, బెల్లపు గడ్డేమోనని వాసన చూసి, కాదని తేలాక మూతితో వెనక్కు నెట్టేసింది. జనం హాహాకారాలు చేశారు. రెండోసారి రెండో మూలకు నెట్టింది. గోమాత బద్ధకంగా కాలు చాపింది, బంతి ఆ గిట్టకు తగిలి ఆగిపోయింది. ఏ దేశపు గోల్‌కీపరూ ఇంత తక్కువ శ్రమతో ఇంత కీర్తి గడించలేదు. అంపైరు గడియారం చూసి విజిలు నోట్లో పెట్టుకున్నాడు. మునిలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు బస్సు కిటికీ భళ్లున తెరుచుకుంది. బహిష్కార సైన్యపు గోల్‌కీపరు, బొద్దుపాటి పిల్ల, నడుం దాకా బయటికి వంగి రెండు చేతులూ పైకి పైకి ఎగరేసింది. గోలుకు ఎక్కడ కాపలా లేదో గోలు కాసేవాళ్లకే తెలుస్తుంది గదా! మేనేజరు ఆమెను లోపలికి లాగి తెర దించేశాడు. కానీ అంబిక చూడనే చూసింది.

అంతట ఆ వీరనారి గోమాతకు నమస్కరించి ఇట్లు పలికెను: "తల్లీ! నీకు తగిలిందంటే నాకీ జన్మలో కర్రొద్దు. తలకాయ ఎత్తొద్దు, నీకు దండం పెడ్తా."

కర్ర బంతి కిందికి జొనిపి, అరిగిన మోకాలు వంచి, ఒక్క ఎత్తు ఎత్తింది. బంతి కొమ్ముల మీదుగా జానెడు ఎత్తున సాగి, వెనక వలలో పడింది. ఆ వెంటే రెండో విజిలు మోగింది. ఆవు కన్నెత్తి కూడా చూడలేదు.

తెర దించిన బస్సు లోపల దబదబా చప్పుడు మొదలైంది. పిల్లలంతా రేకుల మీద చేతులతో వాయిస్తున్నారు. మైదానంలో అడుగు మోపలేదు గనుక ఆదేశం చెక్కుచెదరలేదు.

గురప్ప మాత్రం నసిగాడు. "గోల్‌కీపరు లేంది అదేం గోలబ్బా?"

మునిలక్ష్మి లేచింది. "యాల లేదప్పా? ఆవు రెండుతూర్లు ఆపలే? నువ్వు నిలబడి ఒగటి ఆపు సూస్తాం!"

జనం ఘొల్లుమన్నారు. గురప్ప మైకులోనే ఒప్పుకున్నాడు. అంబిక తల్లి వైపు పరుగెత్తబోయింది, కానీ తల్లి అప్పటికే బస్సు వైపు నడుస్తోంది. కిటికీ కిందికి వెళ్లి తెర మీద తట్టింది. ఆ బొద్దు పిల్ల తొంగిచూసింది.

"దిగొద్దులేమ్మా, నీకు మాటొస్తాది" అని, మునిలక్ష్మి మునివేళ్ల మీద నిలబడి, టమోటా మరకల చేతులు రెండూ ఆ పిల్ల చెంపల మీదుగా దించి, తన కణతలకు ఆనించి మెటికలు విరిచింది. పదీ విరిగాయి. ఆ పిల్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఏడ్చేసింది.

కావున సమస్త జనులారా, దిక్కులు పిక్కటిల్లునట్లు ప్రకటించుచున్నాను: అంబిక ఒకటి, ఆవు సున్న. మంత్రులిద్దరూ ఇంకా చేతులు చాపలేదు.