అంబదాస్ సార్ ప్రైవేటుకు మారిన రోజు

ఆ సోమవారం అంబదాస్ సార్ రెండు పనులు పెట్టుకున్నాడు. మొదటిది, బడి గంట కొట్టేలోగా ఫోనులో ఏదైనా వెతకడానికి వాడే పాత యాప్‌ను తీసేసి, మనిషి వెంట పడని కొత్తదాన్ని పెట్టుకోవడం. రెండోది, సాయంత్రం సాంచాల వాడకు వెళ్లి ఆరుగురు పిల్లల పేర్లు రిజిస్టరులో రాసుకోవడం. మొదటిది ఐదు నిమిషాల పని, రెండోది ఏడాదంతటినీ నిలబెట్టే పని అని ఆయన అంచనా.

చొప్పదండిలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ఆ సాంచాలు నడిపే ఇళ్ల వరుస చివర ఆయన బడి. ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు, పద్నాలుగు మంది పిల్లలు. ఈ నెలలో పిల్లలు ఇరవై మంది కాకపోతే యాస్మీన్ టీచర్‌ను మండలంలో ఇంకో మూలకు పంపుతామని పై నుంచి కబురు వచ్చింది. అప్పుడు ఐదు తరగతులకూ అంబదాస్ ఒక్కడే. ఇంట్లో ఒక్కడే ఉండటం ఆయన ఫిబ్రవరి నుంచి నేర్చుకుంటున్నాడు. బడిలో కూడా నేర్చుకోవాలంటే, ఈ వయసులో రెండు పాఠాలు ఒకేసారి కష్టం.

ఆరుగురు పిల్లల తల్లిదండ్రులు మాట ఇచ్చారు. యాస్మీన్ టీచర్ తన బిడ్డ యుమ్నాను ఇదే బడిలో మూడో తరగతి చదివిస్తోంది. "టీచరు బిడ్డనే ఈడ సదువుతుంటె మన పిల్లలకేమైతది" అని హనుమండ్లు నలుగురికీ చెప్పాడు. హనుమండ్లు సాంచా నడుపుతాడు. చిన్నప్పుడు అంబదాస్ దగ్గరే చదువుకున్నాడు. ఆ గల్లీలో ఏ మాటైనా అతను ఒప్పుకున్నాకే ఖాయమవుతుంది.

ఇక ఫోను సంగతి. అంబదాస్ భార్య వనజకు రెండేళ్లు డయాలసిస్ జరిగింది. ఆ రెండేళ్లూ ఆయన తెలియనిదల్లా ఫోనును అడిగాడు. ఆమె పోయి నాలుగు నెలలైనా ఫోనుకు ఆ సంగతి తెలియలేదు. శనివారం ఒకటో తరగతి పిల్లలకు నెమలి బొమ్మ చూపిద్దామని తెరిస్తే, నెమలి పైన ఒక ఆస్పత్రి ప్రకటన వచ్చింది. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఒక పిల్ల వేలు పెట్టి "కి, డ్నీ" అని చదివింది. ఒత్తు కూడా సరిగ్గా పలికింది. ఆయన ఆ పిల్లను మెచ్చుకుని, ఫోను జేబులో పెట్టుకుని, నెమలిని నల్లబల్ల మీద గీశాడు.

"ఇన్ని దినాల సంది మీరు అడిగినయన్నీ రాసి వెట్టుకున్నది సార్," అంది యాస్మీన్ ఫోను చూసి. "మీరు మర్శిపోదామన్నా మర్శిపోనియ్యది."

"మర్శిపోదామని కాదమ్మా. నాకు గుర్తుకొస్తె గుర్తుకు రావాలె గని, నడుమ అది గుర్తు చేసుడేంది."

యాస్మీన్ ఫోను అందుకుని పనిలోకి దిగింది. "గసుంటి ప్రైవేటువి మూడున్నయి సార్. ఒకటేమో మీ పేరు చెప్పకుండ వేరేదాన్ని అడిగొచ్చి మీకు చెప్తది, పెద్దమనిషిని నడుమల వెట్టుకున్నట్టు. ఇంకోదానికి సింహం బొమ్మ ఉంటది, అది సొంతంగనే ఎతుకుతది. మూడోది బాతు బొమ్మది. అడిగినదానికి చెప్తది, అడిగినోడెవడో మర్శిపోతది."

"పైస తీసుకోదా?"

"తీసుకోదు. సైకిల్ అని అడిగితె సైకిల్ దుకాణం బోర్డు సూపెడ్తది, గంతే. రేపు మల్ల ఆ దుకాణపోన్ని మీ ఇంటికి తోల్కరాదు."

ఇరవై ఆరేళ్లుగా పరీక్షలు పెడుతున్న మనిషి కనుక అంబదాస్ మూడింటికీ ఒకే ప్రశ్న ఇచ్చాడు: పత్తి ఆకు ఎందుకు ఎర్రబడుతుంది. తెలుగులోనే అడిగాడు. మూడూ జవాబు చెప్పాయి. మూడూ పాసే. చివరికి బాతును ఎంచుకున్నాడు. పిల్లలకు బొమ్మ గుర్తుంటుందని కారణం చెప్పాడు.

"ఇగ నాతోని కాదమ్మా. ఇన్నేండ్లు పాతదాన్నే పట్టుకోని ఏం బాగువడ్డం. ప్రైవేటుకే మారిపోత."

"గట్లనే చెయ్యండ్రి సార్. నేను పోయిన నెలల్నే మారిన. యుమ్నాను సుత ప్రైవేట్లనే వెట్టిన."

"యుమ్నాను సుత?"

"చిన్నపోరి గద సార్. గిప్పటి సందే అలవాటు కావాలె."

"మంచిపని జేసినవ్."

యాస్మీన్ అన్నది ఇంట్లో యుమ్నా ఆడుకునే ట్యాబు గురించి. కిటికీ అవతల నల్లా దగ్గర బియ్యం కడుగుతున్న కనకవ్వకు ట్యాబు కనిపించలేదు, మాటలే వినిపించాయి. పదమూడేళ్లుగా ఆ బడి పిల్లలకు వండిపెడుతున్నది ఆమే. కనకవ్వ నోట్లో నువ్వుగింజ నానదని గల్లీలో అంటారు. అది అపవాదు. ఆ రోజు బియ్యం పొయ్యి మీద పెట్టి, మంట సరిచేసి, మూత పెట్టేదాకా ఆమె ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత పప్పులోకి నాలుగు రెమ్మల కల్యమాకు కోసం హనుమండ్లు ఇంటికి వెళ్లింది. అతని భార్య కిష్టవ్వ వాకిట్లోనే ఉంది.

"వదినె, ఎవ్వలకు చెప్పకు. సార్ ప్రైవేటు బడికి పోతుండు."

"ఏ సార్?"

"మనకు ఎందరు సార్లున్నరే. టీచరమ్మ పోయిన నెలల్నే పోయిందట. బిడ్డను సుత అండ్లనే ఏసిందట."

"పోయిన నెలల పోతె, మరి పొద్దుగాల నాకు ఎదురైంది ఎవ్వలు?"

"గదే నాకు సుత సమజ్ కాలే," అంది కనకవ్వ, కల్యమాకు కొంగులో వేసుకుంటూ.

ఆ సమయంలో అంబదాస్ ఖాళీ గదిలో కూర్చుని, పాతది దాచిపెట్టుకున్న ప్రశ్నలను తుడిచేసే పనిలో ఉన్నాడు. తుడిచే ముందు ఒకసారి చదివాడు. ఆలుగడ్డ ఉడకబెట్టి నీళ్లు పారబోస్తే తినవచ్చా. ఉప్పు లేని పచ్చిపులుసు. రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్లు. అన్నీ తను అడిగినవే. నడుమ ఒకటి మాత్రం తనది కాదు. నిలవడి పాఠం చెప్పేటోల్లకు కాళ్లు గుంజుతె ఏం జేయాలె. వనజకు టైపు చేయడం రాదు, నోటితోనే అడిగి ఉంటుంది. ఆయన ఆ ఒక్క వరుసను డైరీలో రాసుకుని, మిగతాదంతా తుడిచేసి, చేతులు కడుక్కుని అన్నానికి వెళ్లాడు.

పిల్లలు తింటుండగా హరీష్ వచ్చాడు. రోడ్డుకు అవతల ఉన్న ప్రైవేటు బడి అతనిదే. ఎప్పుడూ గేటు దగ్గర నుంచే నమస్తే పెట్టి పోయేవాడు, ఆ రోజు లోపలికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"సార్, ప్రైవేటుకు మారిండ్రట. నిజమేనా?"

పొద్దున జరిగింది మధ్యాహ్నానికి రోడ్డు దాటిందా అని అంబదాస్ ఆశ్చర్యపోయాడు. కనకవ్వ గరిటె పట్టుకుని అటు తిరిగి నిలబడటం చూశాక ఆశ్చర్యం పోయింది.

"మారిన. నువ్వు సుత మారు హరీష్, మంచిగుంటది."

"నేను మారుడేంది సార్. నాది ప్రైవేటే గద."

"అట్లనే అనుకుంటం. సంగతులన్నీ బయటోల్లకు తెలుస్తనే ఉంటయి."

హరీష్‌కు ఈ మాట ఎక్కడో తగిలింది. తన బడి సంగతులు ఏవి బయటికి పోయాయో మనసులో ఒకసారి వెతుక్కున్నాడు. "మరి మీరు ఎండ్ల జేరిండ్రు?"

"బాతు బొమ్మ దాండ్ల."

"బాతు బొమ్మ," అన్నాడు హరీష్ నెమ్మదిగా. "కరీంనగర్లదా సార్?"

"కరీంనగరేంది. ప్రపంచమంత ఉన్నది."

"ఫీజు ఎట్ల?"

"పైస లేదు."

"పిల్లల రికార్డులు?"

"ఏమీ రాసి వెట్టుకోదు. దాని గొప్పతనమే అది. చెప్పేది చెప్పి, అడిగినోన్ని మర్శిపోతది."

హరీష్ ప్రోగ్రెస్ కార్డుల గురించి అడగబోయి ఊరుకున్నాడు. ఫీజు లేని బడితో పోటీ పడవచ్చేమో గానీ, పిల్లవాడెవడో కూడా మర్చిపోయే బడితో ఎట్లా పోటీ పడాలో అతనికి తోచలేదు.

"నీ కాడి పిల్లలకు సుత చెప్పు," అన్నాడు అంబదాస్ మంచితనంగా. "ఐదు నిమిషాల్ల మారొచ్చు."

హరీష్ తన బడికి చేరగానే ఎంఈవోకు ఫోను చేశాడు. అనుమతి లేని బడి ఒకటి చొప్పదండికి వచ్చిందని, దానికి బాతు గుర్తు అని, ఫీజూ లేదు రికార్డూ లేదని, ప్రభుత్వ టీచర్లు ఇద్దరు అప్పుడే చేరిపోయారని చెప్పాడు. పక్కనే పుస్తకాలు కొనడానికి వచ్చిన ఒక తల్లి ఇదంతా విన్నది. ఆమెకు అనుమతి అన్న మాట గుర్తులేదు. ఫీజు లేదన్న మాట గుర్తుంది.

సాయంత్రం రిజిస్టరు చంకన పెట్టుకుని అంబదాస్ సాంచాల వాడకు వెళ్లాడు. గల్లీ మలుపు తిరగగానే ఆయన అడుగు ఆగింది. సాంచాల చప్పుడు లేదు. కరెంటు ఉండి సాంచాలు ఆగాయంటే ఆ వాడలో పెళ్లైనా ఉండాలి, చావైనా ఉండాలి. హనుమండ్లు వాకిట్లో ముప్పై మంది దాకా కూర్చున్నారు. టైలు కట్టుకున్న హరీష్ బడి పిల్లలు కూడా తల్లుల పక్కన ఉన్నారు.

"కూసోండ్రి సార్," అని హనుమండ్లు కుర్చీ వేశాడు. "ఒక్క మాట. మాకు చెప్పకుండ మీరు పోవచ్చునా?"

"యాడికి?"

"మాకంత ఎర్కైంది సార్, ఇగ దాసుడెందుకు. పోవద్దని మేం అంటలేం. అమ్మ పోయినంక మీరు పరేషాన్ల ఉన్నరు, మాకు తెల్వదా. ఈ బడిల ఒక్కొక్క గోడ సూస్తె ఒక్కోటి యాదికొస్తది. పోండ్రి. గని మా పిల్లల్ని సుత అండ్లనే ఏసుకోండ్రి."

"ఎండ్ల?"

"గా బాతు బడిలనే," అంది కిష్టవ్వ. "బస్సు మా గల్లీ దాక వస్తదా సార్?"

"బాతు బడి," అని అంబదాస్ ఆ రెండు మాటలనూ విడివిడిగా పలికి చూశాడు. తర్వాత ప్రైవేటు అన్న మాటను కూడా మనసులో పలికి చూశాడు. అప్పుడు పొద్దున్నుంచీ జరిగినదంతా తోరణంలా ఒక్క దారం మీదికి వచ్చింది. ఆయన కళ్లు కనకవ్వ కోసం వెతికాయి. ఆమె అందరికంటే వెనక నిలబడి, పక్కింటి గోడకు సున్నం ఎప్పుడు వేశారో చూస్తోంది.

ఆయన ఫోను తీసి అందరికీ బాతును చూపించాడు. ఏది వెతికినా గుర్తు పెట్టుకోనిదాన్ని ప్రైవేటు అంటారని, తాను మారింది దానికేనని, యుమ్నా మారింది ట్యాబులోనని చెప్పాడు. చెప్పడానికి పావుగంట పట్టింది. ఫోను చేతులు మారి మళ్లీ ఆయన దగ్గరికి వచ్చేసరికి ఒక ముసలాయన బాతును ఉల్లిగడ్డ ధర అడిగేసి ఉన్నాడు.

"నేను యాడికి పోతలేను," అన్నాడు చివరికి. "యాస్మీన్ టీచర్ పోతలేదు. యుమ్నా రేప్పొద్దుగాల మన బడికే వస్తది. బస్సు లేదు."

టై కట్టుకున్న పిల్లవాడి తల్లి కావ్య నిట్టూర్చింది. "అయితె ఫీజు లేని బడి లేదన్నట్టు."

అంబదాస్ రిజిస్టరు మూసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. లేనిదాన్ని ఆశపెట్టి లేదన్నవాడి దగ్గర పిల్లల్ని ఎవరు చేరుస్తారు. ఆరుగురూ పోయినట్టే. యాస్మీన్‌కు ఈ మాట రాత్రే చెప్పాలా, రేపు చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

కిష్టవ్వ కావ్య వైపు తిరిగింది. "లేకపోవుడేందే. ఫీజు లేదు. అంబదాస్ సార్ చెప్తడు. టీచరు బిడ్డ ఆడ్నే సదువుతది. పగటి సంది పోతం పోతం అని సాంచాలు బందు వెట్టి కూసున్నది గసుంటి బడికే గద. అది మన గల్లీ సివర్నే ఉన్నది. బస్సెందుకు, మొకం కడుక్కోని నడిస్తె సరి."

ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో వాకిట్లో అందరూ కాసేపు వెతికారు. ఎవరికీ దొరకలేదు.

"మమ్ముల గింత పరేషాన్ జేస్తిరి," అన్నాడు హనుమండ్లు. "రాసుకోండ్రి సార్ ఇగ."

పదమూడు పేర్లు. ఏడో పేరు రాశాక కలం ఆగితే, సిరా అయిపోయిందేమో అనుకుని హనుమండ్లు ఇంకో కలం ఇచ్చాడు. అయిపోయింది సిరా కాదు. అంబదాస్ కళ్లద్దాలు తుడుచుకుని మిగతా ఆరు పేర్లూ రాశాడు. ఆయన గల్లీ మలుపు దాటకముందే సాంచాలు మళ్లీ మొదలయ్యాయి.

మర్నాడు ప్రార్థన వేళకు ఎంఈవో నజీరుద్దీన్ సార్ జీపు దిగాడు. వెంట సృజన అనే టీచర్ సంచీతో దిగింది. ఉన్న ఇద్దరూ వెళ్లిపోతే బడికి తాళం పడుతుందని రాత్రికి రాత్రే డిప్యుటేషన్ ఆర్డరు రాయించి ఆమెను తెచ్చాడు. వచ్చి చూస్తే ఆ ఇద్దరూ ప్రార్థనలో నిలబడి ఉన్నారు, ఎదురుగా ఇరవై ఏడు మంది పిల్లలు ఉన్నారు. సంగతంతా విని, అంబదాస్ ఫోను చేతిలోకి తీసుకుని, చాలాసేపు బాతును చూశాడు.

"నా ఫోన్ల సుత వెడ్తరా జర," అన్నాడు నెమ్మదిగా.

యాస్మీన్ పెట్టి ఇచ్చింది. ఇంతమంది పిల్లలకు ఇద్దరెట్లా సరిపోతారు, వచ్చిన టీచర్‌ను తిరిగి తీసుకుపోవడం ఏం బాగుంటుంది అని ఆయన సృజనను అక్కడే ఉండమన్నాడు. కొత్త ఆర్డరు రాయడానికి మళ్లీ కరీంనగర్ దాకా కాగితాలు నడవాలి కనుక, జేబులో ఉన్న పాతదానినే అంబదాస్ చేతికి ఇచ్చాడు. అందులో కారణం అన్న చోట "ప్రస్తుత ఉపాధ్యాయులిద్దరూ ప్రైవేటుకు మారినందున" అని రాసి ఉంది.

అంబదాస్ దాన్ని రెండుసార్లు చదివి, దిద్దవలసిన తప్పేదీ కనబడక, సంతకం పెట్టాడు.