తలుపు మీది ఎర్ర వెలుగు

లైబ్రేరియన్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య కూరగాయలకు వెళ్ళి వచ్చేలోపు ఫిలిం కడిగేయాలి. భోజనం వేళకు మామగారు వస్తే, ఆయన కళ్ళెదుటే ఫోటో కాగితం మీద వేసి చేతిలో పెట్టాలి. ఇందులో తిరకాసు ఒక్కటే. ఫిలిం కడగడం ఎప్పుడో అయిపోయిందని ఇంట్లో వారం నుంచీ కోతలు కోస్తున్నాడు.

మామగారు గడియారాలు బాగుచేసే మనిషి. గడియారాల మరమ్మతుదారుల సంఘానికి చాలాకాలం అధ్యక్షుడిగా ఉండి దిగిపోయారు. మాజీ అధ్యక్షులందరూ ఆఫీసు గోడమీద వరసగా ఉన్నారు, ఈయనకు మాత్రం అప్పటికి మేకు ఉంది, ఫోటో లేదు. ఆ పని అల్లుడు నెత్తికెత్తుకున్నాడు. మొదటిసారి కెమెరాలో ఫిలిం వేయడం మరిచాడు. రెండోసారి బొమ్మను తేల్చే మందుకు ముందే దాన్ని నిలిపే మందు పోశాడు. ఫిలిం అద్దంలా తళతళలాడుతూ బయటికొచ్చింది. మూడోసారి ఫోటో దిగాక మామగారు చాలా మర్యాదగా, "తమరికి తీరిక లేకపోతే చెప్పండి అల్లుడుగారూ, స్టూడియోకి పోతాను" అన్నారు. ఆ మాట అల్లుడికి ములుకులా గుచ్చుకుంది. ఇక ఈ రోజు సాయంత్రమే సంఘం సమావేశం. ఫోటో ఇవ్వకపోతే మామగారి ముందు తలెత్తుకునే దారి లేదు.

స్నానాల గదే అతని చీకటి గది. ఒకసారి అచ్చు వేస్తుండగా భార్య తలుపు తీయడంతో ఖరీదైన కాగితమంతా నల్లబడింది. అప్పటినుంచి ఇంట్లో ఒక నియమం పెట్టాడు. తలుపు పైనున్న గాజుపలక ఎర్రగా వెలుగుతుంటే లోపల తను ఉన్నట్టు, తలుపు జోలికి రాకూడదు. వెలగకపోతే ఎవరైనా వెళ్ళొచ్చు. అయితే కాగితానికి ఎర్రదీపం పనికొస్తుంది కానీ, ఫిలింకి ఏ దీపమూ పనికిరాదు. కాబట్టి ఆ ఉదయం గాజుపలకకు లోపలినుంచి నల్లగుడ్డ కట్టి, తలుపు కింద తువ్వాలు కుక్కి, గడియ పెట్టి, చిమ్మచీకట్లో ఫిలిం విప్పాడు. తను పెట్టిన నియమం తనకే గుర్తు రాలేదు.

ఫిలింని చక్రానికి చుట్టి, డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆ తర్వాత దీపం వేసుకోవచ్చు. కానీ ఉక్కకు చేతులు చెమర్చి, ఫిలిం సగంలో అతుక్కుపోయింది. అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. భార్య వచ్చింది. వెనకే, చెప్పిన వేళకన్నా ముందే, మామగారి గొంతు.

మామగారు కాళ్ళు కడుక్కుందామని వచ్చి తలుపు లాగారు. రాలేదు. ఎర్ర వెలుగు లేదు కనక లోపల ఎవరూ లేరు. ఎవరూ లేనప్పుడు గడియ దానంతటదే పడి ఉండాలి. తండ్రీ కూతుళ్ళు ఇలా తేల్చుకున్నారు. లోపలినుంచి ఒక్క దగ్గు దగ్గితే సరిపోయేది. కానీ దగ్గితే, చీకట్లో ఏం చేస్తున్నావంటారు, ఫిలిం కడగలేదని బయటపడుతుంది. ఎలాగూ నిశ్శబ్దం అతని వృత్తి. ఊపిరి బిగబట్టి ఫిలింతో కుస్తీ పట్టాడు.

ఇంతలో భార్య గుమ్మం దగ్గర అతని చెప్పులు, బల్లమీద ఫోను చూసింది. మనిషి మాత్రం లేడు. ఎదురింటి దర్జీని అడిగితే, చెప్పుల్లేకుండా ఎవరో బస్టాపు వైపు పోయారనీ, వెనకనుంచి ఈయనలాగే ఉన్నారనీ చెప్పాడు. అలిగి ఇల్లు వదిలి పోయాడనుకుంది ఆమె. పొద్దున ఫ్రిజ్‌లో మంచినీళ్ళ పక్కన ఫిలిం కడిగే మందు సీసా చూసి, ఈ ఇంట్లో అదైనా ఉండాలి, తనైనా ఉండాలి అని అరిచింది మరి.

"నేనే ఏదో అన్నాను నాన్నా," అంది స్నానాల గది తలుపు పక్కనే కూలబడి. "ఎన్నంటే మాత్రం, ఒక్క మాట ఎదురాడని మనిషి."

చీకట్లో లైబ్రేరియన్ చేతులు ఆగిపోయాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళకు తన గురించి మంచిమాట వినడం ఇదే మొదటిసారి. ఇంకో రెండు వింటే బాగుండుననిపించింది. ఆ ఆశే కొంప ముంచింది.

మనసు బాగోకపోతే ఏదో ఒకటి విప్పడం మామగారి అలవాటు. సంచిలోంచి గడియారాల స్క్రూడ్రైవరు తీసి, తలుపు బందుల మరలు ఒక్కొక్కటే, చేతిగడియారం విప్పినంత శ్రద్ధగా విప్పారు. లోపలి మనిషికి ఆ చప్పుడేమిటో అర్థమయ్యేసరికి తలుపు ఊడి ఆయన చేతుల్లోకి వచ్చింది.

పట్టపగటి వెలుతురు భళ్ళున లోపలికి దూకింది. చెమటతో తడిసిన లైబ్రేరియన్, మెడ చుట్టూ ఫిలిం, మధ్యలో నిలబడి ఉన్నాడు. మామగారు ఫిలిం కొసను వేళ్ళతో ఎత్తి చూశారు.

"ఇందులో ఉన్నది నేనేనా?"

"మీరే మామయ్యగారూ. ఇప్పటిదాకా."

"కడిగేశానన్నారుగా?" అంది భార్య. కళ్ళు తుడుచుకుంటున్న చెయ్యి నడుం మీదికి వచ్చింది.

అల్లుడు నోరు తెరిచేలోపే మామగారు తలుపు గోడకు ఆనించి, స్టూలు మీద కూర్చున్నారు. ముఖం వాడిపోయి ఉంది.

"కిందటి వారమే స్టూడియోకి పోయాను అల్లుడుగారూ. ఆ ఫోటో గోడమీద పెట్టేశారు కూడా. మీరు నొచ్చుకుంటారని దాచాను. స్టూడియోవాడు నొక్కిన క్షణానికి నేను కళ్ళు మూశాను. ఇవాళ మీది పట్టుకుపోయి, గుట్టుగా దాన్ని మారుద్దామనుకున్నాను. తీరా చూస్తే నా చేత్తో నేనే తలుపూడదీశాను."

మామగారిని అలా చూసి లైబ్రేరియన్ మనసు చివుక్కుమంది. ఫిలిం తీసి పక్కన పెట్టి, వారం నుంచీ కోసిన కోతలన్నీ తనే వరసగా చెప్పేశాడు. దగ్గడానికి భయపడిన సంగతి కూడా దాచలేదు. మామగారు అంతా విని, తలుపు మళ్ళీ బిగించడం మొదలుపెట్టారు. భార్య మాత్రం, ఇందాక అన్న మంచిమాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి వంటింట్లోకి వెళ్ళింది.

నాలుగోసారి తీసిన ఫిలిం ఇంకా కడగాలి. ఈలోగా సంఘం ఆఫీసుకు కొత్తగా వచ్చినవాళ్ళంతా కళ్ళు మూసుకున్న మామగారి ఫోటో ముందు ఒక్క నిమిషం మౌనంగా నిలబడి వెళుతున్నారట.