పసుపు టిష్యూ

రెండేళ్ళుగా దుంపకుళ్ళు పసుపును నేలలోనే తినేస్తుంటే, వేల్పూరు నర్సన్నకు భార్య లింగవ్వ తీర్పు చెప్పేసింది. "ఈ ఏడు మక్కలే. పసుపు మాటెత్తితే నేను మా తల్లిగారింటికి పోత." పసుపు లేకుండా మొక్కజొన్న వేసిన చేనును తలుచుకుంటేనే నర్సన్నకు ముద్ద దిగలేదు. టిష్యూ కల్చర్ అని, సీసాల్లో పెంచిన, తెగులు సోకని పసుపు మొక్కలు నిజామాబాదుకు వచ్చాయని విన్నాడు. "పనుంది" అని మాత్రం చెప్పి పొద్దున్నే బస్సెక్కాడు.

మొక్కలు చేతికొచ్చాక భయం పట్టుకుంది. ఎదురుగా నిలబడి చెప్పడం కంటే ఫోనులో చెప్పడమే ఒంటికి మంచిదనుకుని, కంఠేశ్వర్‌లో ఎస్టీడీ బూత్ చూసుకుని, ఊళ్ళో కిరాణా బాలనర్సయ్యకు ఫోను చేశాడు. గరగరల మధ్య వినబడినంత విని, బాలనర్సయ్య లింగవ్వ ఇంటికి పరుగెత్తాడు.

"లింగవ్వక్కా! అన్న నీకు పసుపు టిష్యూ తెస్తుండట. మెల్లగ కడగాలెనట. ఎండ తగలొద్దట, నీడకే ఉంచాలెనట!"

లింగవ్వ చేతిలోని చాట జారిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నూలు చీర దాటని మనిషి పల్చగా మెరిసే టిష్యూ చీర తెస్తున్నాడు! అదీ పసుపు రంగుది! ఎండ తగలకూడదంటే ఎంత మేలు రకమో! ఆడబిడ్డ సాయవ్వకు చెప్పింది. సాయవ్వ వాడకట్టంతా చెప్పింది. సాయంత్రానికి జాకెట్లు కుట్టే గంగమణి మెడలో టేపుతో వచ్చి కూర్చుంది.

అట్టపెట్టెతో వచ్చిన నర్సన్న ఇంటినిండా ఆడవాళ్ళను చూసి, మక్కల తరఫున పంచాయితీ పెట్టారనుకున్నాడు. లింగవ్వ సిగ్గుపడుతూ పెట్టె అందుకుని అందరి నడుమ విప్పింది. లోపలన్నీ సీసాలు. సీసాల్లో జిగురులాంటి దాంట్లో నిలబడ్డ చిట్టి పచ్చని మొలకలు.

"వదినె, ఇప్పుడు సీరలు సీసలల్ల అమ్ముతుండ్రా?" అంది సాయవ్వ.

"సీరేంది? గివి టిష్యూ పసుపు మొక్కలు," అన్నాడు నర్సన్న. అన్నాక గాని సంగతి అతనికి బోధపడలేదు.

ఎవరో కిసుక్కుమన్నారు. లింగవ్వ మొహం కందగడ్డయింది. అయినా నలుగురిలో తగ్గే మనిషి కాదామె. "నవ్వుడెందుకు? నేనే తెమ్మన్న. సీరలు అందరికుంటయి, గిసొంటి పసుపు ఎవలింట్ల ఉన్నది? ఈ ఏడు మా చేన్ల పసుపే!"

నర్సన్నకు ప్రాణం లేచివచ్చింది.

అన్న మాట నిలవాలంటే మొక్కలు బతకాలి. తెల్లారి లింగవ్వ వాటి వేళ్ళు కడిగి, మట్టి సంచుల్లో నాటి, కొట్టంలో పెట్టింది. కప్పు సందుల్లోంచి రోహిణి ఎండ దిగుతోంది. మొక్కలపై కప్పడానికి గుడ్డ కావాలి. మొగుడి మొహం చూడకుండానే అంది.

"నిజామాబాదు పోయి బట్ట తే. పల్చగుండాలె, వెలుగు కనవడాలె. జల్ది రా."

నిన్నటి తప్పుకు ఇది శిక్ష అనుకున్నాడు నర్సన్న. మధ్యాహ్నానికి మొక్కలు తలలు వాలుస్తుండగా రొప్పుతూ వచ్చి పొట్లం విప్పాడు. పసుపు రంగు టిష్యూ చీర, జరీ అంచుతో సహా.

"మొక్కల మీద కప్పెటందుకు తెమ్మంటే గిదా తెచ్చుడు?"

లింగవ్వ చీరను ఒకసారి బుగ్గకు ఆనించుకుంది. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తర్వాత వాలిన మొక్కలవైపు చూసి, ఒక కొంగు మొగుడి చేతికిచ్చింది. "గా గుంజకు కట్టు."

వారం తిరిగేసరికి మొక్కలు తలలెత్తాయి. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది. గంగమణి మాత్రం టేపు పట్టుకుని, కొలతలు ఎవరివి తీయాలో తెలియక నిలబడింది.