ముప్పై ఏడు తాళాలు

ముద్రణాలయం కంప్యూటర్లో ముప్పై ఏడు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలకు తాళాలు పడి ఉన్నాయని కొత్తగా చేరిన ఆన్సీ కనిపెట్టేసరికి ఉదయం తొమ్మిదిన్నర. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్ దాటకూడదో కంప్యూటర్‌ను నడిపే లైనక్స్‌కు చెప్పే తాళాలవి. ఆ రోజు ఆమె పథకం చిన్నది. కొత్త ప్రింటర్‌కు డ్రైవర్ ఎక్కించాలి, ఆవిరి మీద ఉడికిన పుట్టూ, సెనగల కడల కూరా తినాలి, మధ్యాహ్నం రెండింటిలోగా బడి ప్రశ్నపత్రాలు అచ్చు వేయించాలి. అచ్చయితేనే ఆమె ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకమని మేనేజర్ వేలాయుధన్ ముందే చెప్పాడు.

డ్రైవర్‌కు తెరమీద బొమ్మలు గీసే ప్యాకేజీ కొత్తది కావాలి. దానికీ తాళమే.

తనకు ముందు పనిచేసిన షిబుకు ఫోన్ చేసింది.

"ఇన్ని ఎందుకు వేశావు చేట్టా?" అంది, అన్న వరస కలుపుతూ.

"నేను వచ్చేసరికే ఇరవై ఉన్నాయి మోళే, తల్లీ. ఏదో కారణం ఉంటుందిలే అని ఇంకో పదిహేడు వేశా."

అతనికి ముందున్న ఓమన ఇంకా నిజాయితీపరురాలు. "నేను వచ్చినప్పుడు ఒక్కటే ఉంది. దాన్ని చూసి భయపడి పందొమ్మిది వేశా. తీసే ధైర్యం ఎవరికుంటుంది?"

పక్కనే ఉన్న ప్రూఫ్‌రీడర్ వరీదు ఇదంతా విని టీకొట్టుకు నడిచాడు. అక్కడ చదరంగం బల్లల దగ్గర, యంత్రాన్ని ఎవరో పాడుచేశారన్నాడు. రెండు ఆటలు ముగిసేసరికి ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయని ఊరంతా అనుకుంది. పదకొండున్నరకు ముగ్గురు హెడ్‌మాస్టర్లు జీపులో దిగారు.

వేలాయుధన్ బల్ల గుద్దాడు. "మొదటి తాళం వేసినవాణ్ణి పట్టుకో. ఈ రోజే ఇంటికి పంపిస్తా. దొరక్కపోతే నువ్వే వెళ్తావు."

ఆన్సీ ఒక్కో తాళం తేదీ చూస్తూ వెనక్కి వెళ్లింది. అన్నిటికంటే పాతది ఆరేళ్ల నాటిది. అది వేసింది అచ్చుపని ప్యాకేజీకి కాదు, చదరంగం ఆటకి. ఆ పాత ఆట కోసమే బొమ్మల ప్యాకేజీ కూడా పాతదిగా ఉండిపోయింది.

"తేదీ ఎంత?" అన్నాడు వరీదు.

ఆమె చెప్పింది. వరీదు గోడమీది ఫొటో వైపు చూశాడు. హెడ్‌మాస్టర్లూ చూశారు. దాని కింద 'కంప్యూటర్‌ను ఓడించిన మన వేలాయుధన్' అని రాసి ఉంది. ఫొటో తేదీ తాళానికి సరిగ్గా ఒకరోజు ముందుది.

"వరీదు చేట్టా, జీపు మన సారు ఇంటిదాకా వెళ్తుందా?" అంది ఆన్సీ.

వేలాయుధన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆన్సీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టాడు.

"నేనే వేశా మోళే. ఈ ఊళ్లో టీ కాచేవాడి చేతిలో కూడా ఓడిపోయేవాణ్ణి. జన్మలో గెలిచింది ఆ యంత్రం మీదే. మర్నాడు కొత్త వెర్షన్ వచ్చింది, పదకొండో ఎత్తుకే నా ఆట కట్టేసింది. పాతది మళ్లీ ఎక్కించి తాళం వేశా. ఇప్పుడు తీసెయ్. ఫొటో మాత్రం ఉండనీ, కింద 'పాత వెర్షన్ మీద' అని రాయించు."