వెలుతురు కోటా అయిపోయిన బొమ్మ

నీటిరంగుల బొమ్మకు ప్రపంచంలో ఒకే ఒక్క శత్రువు: దాన్ని చూసేవాడు. ఇంగ్లండులో జనం చూడడానికి తెరిచి ఉంచిన పెద్ద బంగళాలన్నిటికంటే ముందు ఈ సత్యాన్ని గుర్తించి తగిన చర్యలు తీసుకున్న ఘనత థార్న్‌కూమ్ బంగళాది.

ఆ బంగళావాళ్ళు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, ఇళ్ళల్లో వేలాడుతున్న పాత నీటిరంగుల బొమ్మలు సేకరించారు. డోర్కస్ పంఫ్రీ అనే ఎనభై మూడేళ్ళ ముసలమ్మ పడకగదిలోంచి కూడా ఒకటి తీసుకెళ్ళారు. అందులో ఏటి పక్కన చిన్న ఇల్లు, తాడు మీద ఆరేసిన దుప్పట్లు, వాటి మధ్య నీలం గౌనులో ఒకావిడ. ఆవిడ డోర్కస్ తల్లి. తల్లిది వేరే బొమ్మ గానీ ఫోటో గానీ లేదు. ఇక్కడ మీరొక్కరే చూస్తారు, అక్కడైతే వేలమంది చూస్తారని వాళ్ళంటే, అమ్మకు నలుగురి మధ్య ఉండడం సరదా కదా అని ఇచ్చేసింది.

తర్వాత, వెలుతురు తగిలితే నీటిరంగులు వెలిసిపోతాయని బంగళాలో వెలుతురు శాఖ ఏర్పడింది. (దుమ్ము శాఖ, పురుగుల శాఖ అప్పటికే ఉన్నాయి. ఒకదానికొకటి పడదు.) ప్రతి బొమ్మకూ పదేళ్ళకు ఇన్ని గంటల వెలుతురని కోటా పెట్టారు. ముందు కిటికీ తెరలు దించారు. అది చాలక బల్బులు తీసేశారు. ఆపైన ఒక్కో బొమ్మకూ నల్లగుడ్డ ముసుగేసి, కింద 'రంగుల సొగసును గమనించగలరు' అని చీటీ అంటించారు. జనం వరసలో వచ్చి, చీకట్లో ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుని, క్షమాపణలు చెప్పుకుని, చాలా బాగుందంటూ వెళ్ళేవారు.

ఇంతలో డోర్కస్‌కు కళ్ళ జబ్బు వచ్చింది. క్రిస్మస్ నాటికి చూపు పూర్తిగా పోతుందన్నాడు డాక్టరు. అప్పటికి సెప్టెంబరు. అమ్మను ఒక్కసారి చూసుకుందామని ఆవిడ బస్సెక్కి వెలుతురు అధికారి క్రాగ్ దగ్గరికి వెళ్ళింది.

క్రాగ్ చెడ్డవాడు కాడు. టీ ఇచ్చాడు. బిస్కెట్టు కూడా ఇచ్చాడు.

"పెద్దమ్మగారూ, ఆ బొమ్మ మీ గదిలో కిటికీకి ఎదురుగా ఎన్నాళ్ళుందండీ?"

"యాభై రెండేళ్ళు నాయనా. పొద్దున కళ్ళు తెరిస్తే మా అమ్మే."

"అదేనండీ చిక్కు. రాబోయే నూట నలభై ఏళ్ళ వెలుతురు మీరొక్కరే వాడేశారు."

"ఎండ నేను పిలిస్తే వచ్చిందా?"

"తెర వెయ్యలేదు కదండీ."

"సరేలే. అగ్గిపుల్ల వెలిగి ఆరేంతసేపు చూపించు, చాలు."

అగ్గిపుల్ల అన్న మాట క్రాగ్ రాసుకుని, అది నిప్పుల శాఖ పరిధిలోదని చెప్పి దరఖాస్తు ఫారం ఇచ్చాడు.

దాని మీద అన్ని శాఖలూ ఏడు వారాలు చర్చించాయి. ఆవిడ ఉన్నికోటుకు దుమ్ము శాఖ అభ్యంతరం చెప్పగా, పురుగుల శాఖ బలపరిచింది. (అవి రెండూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు.) నవంబరు చివర ఉత్తరం వచ్చింది. అప్పటికే అక్షరాలు ఆనడం లేదు గనక పక్కింటి మిసెస్ టిబ్బెట్స్ పైకి చదివి పెట్టింది.

'మీ అభ్యర్థన పూర్తి సానుభూతితో పరిశీలించబడినది. చూపు ఉన్నవారికి వెలుతురు అవసరం కనుక ప్రస్తుతం అనుమతించలేము. క్రిస్మస్ తర్వాత మీకు ఆ అవసరం ఉండదు కనుక, అప్పుడు ఏ రోజైనా రాగలరు. ముసుగు తీసి ఉంచెదము. ఎంతసేపైనా చూసుకోవచ్చును.'