పంచె వాడకం: అనుమతించిన రోజులు

మగవాడు నడుముకి ఏ గుడ్డ, ఎప్పుడు, ఎన్నిసార్లు చుట్టుకోవాలన్నది చాలా సున్నితమైన విషయం. దాన్ని ఆ నడుము గలవాడికే వదిలేయడం ఏ నాగరిక సమాజానికీ క్షేమం కాదు. ఈ సత్యాన్ని గుర్తించి, దానికొక ఉపసంఘం వేసి, మినిట్స్ రాసి, ఓటింగ్ పెట్టి మరీ తేల్చిన ఘనత నార్త్ కరొలైనాలోని క్యారీ పట్టణంలో మా త్రికోణ తెలుగు సమితికి దక్కుతుంది. ఆ చరిత్రను ఇక్కడ నమోదు చేస్తున్నాను. సమితి వాళ్ళు చేయమనలేదు, వద్దనే అన్నారు.

మా వీధి మూలింట్లో డగ్లస్ అనే పెద్దాయన ఉంటాడు. ఫైర్ డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరయ్యాడు, భార్య పోయింది, ఒక ముసలి కుక్క ఉంది. ఆయన ముత్తాతలెవరో స్కాట్లండ్ నుంచి ఓడెక్కి వచ్చారట. అందుకని ఆయన కిల్ట్ కడతాడు. కిల్ట్ అంటే ఎర్ర, ఆకుపచ్చ గళ్ళ ఉన్నిగుడ్డ. నడుము నుంచి మోకాలి దాకా వస్తుంది, వెనక కుచ్చిళ్ళు, ముందు ఒక తోలు సంచి. (ఇవే గళ్ళు ఇంకాస్త కిందికి దిగితే మన దగ్గర దాన్ని లుంగీ అంటారు. సంచి ఉండదు కనక దానికి మర్యాద తక్కువ.) ఆయన కిల్ట్‌లోనే కుక్కను తిప్పుతాడు, చెత్తడబ్బా రోడ్డు మీదకి లాగుతాడు, గడ్డి కోస్తాడు. గాలి వీస్తే ఒక చేత్తో మెషీన్, రెండో చేత్తో పరువు పట్టుకుంటాడు.

మా సమితి అధ్యక్షుడు కృష్ణమూర్తికి డగ్లస్ అంటే ప్రాణం. ఇంటికి చుట్టాలొస్తే ముందు డగ్లస్‌ను చూపించి, తర్వాత కాఫీ ఇస్తాడు.

"చూడండి, వాళ్ళ కల్చర్ అంటే వాళ్ళకి ఎంత ప్రైడో! మనవాళ్ళకి ఆ సెల్ఫ్ రెస్పెక్ట్ ఏదండీ?" అని బాధపడతాడు. ఆ బాధపడేటప్పుడు ఆయన నిక్కరులో ఉంటాడు.

ఇలా ఉండగా కిందటి జనవరిలో, అంటే రెండువేల పన్నెండులో, మా పక్కింటి కౌశిక్ తండ్రి పరంధామయ్యగారు భార్య సుబ్బులుగారితో కలిసి దిగాడు. తెనాలిలో కోఆపరేటివ్ బ్యాంకు మేనేజరుగా చేశాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ప్యాంటు వేశాడు. రిటైరైన వారంలోనే ప్యాంట్లన్నీ స్టీలు సామాన్ల వాడికి వేసి సుబ్బులుగారు ఒక ఇడ్లీ పాత్ర తీసుకుంది. అప్పట్నుంచీ ఆయనకు పంచే. విమానంలో వేసుకోవడానికని కౌశిక్ ఒక నల్ల ప్యాంటు కొనిస్తే, దిగగానే దాన్ని మడిచి పెట్టెలో అడుగున పడేశాడు.

ఆయనకు ఇక్కడ ఒకటే పని. మనవరాలు స్రవంతి కిండర్‌గార్టెన్‌లో ఉంది. పొద్దున్నే బస్ స్టాప్ దాకా ఎవరో ఒక పెద్దవాళ్ళు తోడు వెళ్ళాలి. కౌశిక్, కోడలు త్రివేణి ఇద్దరూ అప్పటికే ఆఫీసులకి బయల్దేరిపోతారు. సుబ్బులుగారికి మోకాళ్ళ నొప్పులు. కాబట్టి స్వెటరూ, మంకీ క్యాపూ, తెల్ల పంచెతో తాత. ఆ పంచె అంచు పట్టుకుని మనవరాలు. బస్సొచ్చేదాకా ఆ పిల్ల తన అమెరికా తెలుగులో ఏదో చెప్తూనే ఉంటుంది, ఆయన అర్థమైనట్టు ఊఁ కొడుతూనే ఉంటాడు.

"ఆ పది నిమిషాలే నేను అమెరికాలో ఉన్నట్టు. మిగతాదంతా హాల్లో సోఫా మీద ఉన్నట్టేనండీ," అన్నాడొకసారి నాతో.

బస్ స్టాప్ దగ్గరే ఆయనకీ డగ్లస్‌కీ స్నేహం కుదిరింది. మొదటి రోజు ఇద్దరూ ఒకరి నడుము వంక ఒకరు చూసుకున్నారు. రెండో రోజు పరంధామయ్యగారు కిల్ట్ అంచు వేళ్ళ మధ్య నలిపి చూసి "మంచి ఉన్ని" అన్నాడు. డగ్లస్ పంచె నలిపి చూసి "ఎండాకాలం నాకిది కావాలి" అన్నాడు. అంతటితో వాళ్ళిద్దరి మధ్య నాగరికతల సమస్య పరిష్కారమైపోయింది.

ఆ దృశ్యం ఆఫీసుకి కారులో వెళ్తున్న కృష్ణమూర్తి కంట పడింది. పక్కకి ఆపి వెంటనే కౌశిక్‌కి ఫోన్ చేశాడు.

"కౌశిక్, నాన్నగారు పంచెలో బస్ స్టాప్ దగ్గరున్నారు!"

"అవునన్నా, రోజూ వెళ్తారు."

"రోజూనా! ఆ తెల్లవాళ్ళ మధ్యలో?"

"ఎవరైనా కంప్లైంట్ చేశారా అన్నా?"

"ఇంకా చెయ్యలేదు. అదే నా వర్రీ. చేశాక మనం చెయ్యగలిగింది ఏముంటుంది చెప్పు?"

ఇంకా రాని ఫిర్యాదును విచారించడానికి ఆ వారాంతంలోనే 'పంచె వినియోగ క్రమబద్ధీకరణ ఉపసంఘం' ఏర్పడింది. వచ్చిన ఫిర్యాదును ఎవరైనా విచారిస్తారు. రానిదాన్ని విచారించడానికి దూరదృష్టి కావాలి, ఎచ్‌వన్‌బీ వీసా మీద వచ్చి స్థిరపడిన వాళ్ళకి అది పుష్కలంగా ఉంటుంది.

సమావేశాలు కృష్ణమూర్తి ఇంట్లో, మేడ మీద బోనస్ రూమ్ అనే అదనపు గదిలో జరిగాయి. వృత్తిరీత్యా ఆయన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రిలీజ్ మేనేజర్, అంటే ప్రోగ్రాముల్ని పరీక్షలన్నీ దాటాకే జనంలోకి వదిలే ఉద్యోగం. అందుచేత సమస్య ఆయనకు మొదటి సమావేశంలోనే స్పష్టంగా కనబడింది. "ఇల్లు డెవలప్‌మెంట్, బ్యాక్‌యార్డ్ టెస్టింగ్, వీధి ప్రొడక్షన్. టెస్ట్ చెయ్యకుండా డైరెక్ట్‌గా ప్రొడక్షన్‌లోకి పంచెని ఎలా వదుల్తారండీ? రేపు ఏదన్నా ఫెయిల్ అయితే?" అన్నాడు. ఏది ఫెయిలవుతుందో అందరూ ఒక్కసారి ఊహించుకున్నారు. తీర్మానం ఏకగ్రీవమైంది.

రెండో సమావేశమంతా గరాజ్ తలుపుకే సరిపోయింది. తలుపు పూర్తిగా ఎత్తి ఉంటే గరాజ్ వీధి కిందికి వస్తుంది, దించి ఉంటే ఇంటి కిందికి వస్తుంది. సగం ఎత్తి ఉంటే? బయటివాళ్ళకి మోకాళ్ళ కింది పంచె మాత్రమే కనబడుతుంది, అది గౌనో పరదానో అనుకునే అవకాశం ఉంది కాబట్టి అనుమతించవచ్చని ఒక వర్గం. అనుకోకపోతే ఎలా అని ఇంకో వర్గం. ఓట్లు చెరి సగం రావడంతో సగం తలుపు సంగతి పైసంవత్సరానికి వాయిదా పడింది.

కార్యదర్శి విజయశ్రీ ఒక్కతే మధ్యలో చెయ్యెత్తింది. "మరి చీర మాటేంటండీ? సుబ్బులు ఆంటీ గుడికీ గ్రోసరీకీ చీరలోనే వస్తారు కదా."

"చీరకి పాలసీ అక్కర్లేదమ్మా. చీర ఎప్పుడైనా ఓకే," అన్నాడు కృష్ణమూర్తి.

"ఎందుకు ఓకే?"

"అది కల్చర్ కదా!"

(ఆడవాళ్ళు సంస్కృతిని రోజూ మోస్తారు కాబట్టే మగవాళ్ళు దాని మీద కమిటీలు వేసుకునే తీరిక దొరుకుతోందని విజయశ్రీ మినిట్స్‌లో రాసింది. తర్వాతి ప్రతిలో ఆ వాక్యం లేదు.)

మూడో సమావేశానికి నిపుణుడిగా డగ్లస్‌ను పిలిచారు. ఆయన కిల్ట్‌లో వచ్చి, సమోసా తిని, కుక్కకి కొంచెం పెట్టి, ప్రశ్నలకి సిద్ధంగా కూర్చున్నాడు.

"మీరు కిల్ట్ సంవత్సరానికి ఎన్నిసార్లు, ఏయే సందర్భాల్లో ధరిస్తారు?" అని ఇంగ్లీషులో అడిగారు.

"చలిగా ఉంటే కడతాను. వేడిగా ఉంటే కూడా కడతాను. పెళ్ళికి, చావుకి. ప్యాంట్లు ఉతకడానికి వేసినప్పుడైతే తప్పనిసరిగా."

"దీనికి మీ సంఘం అనుమతి ఏమన్నా ఉంటుందా?"

"మా ఆవిడ ఉన్నప్పుడు అడిగేవాణ్ణి, నాకు బావుందా అని. బావుందనేది." ఆయన కుక్క చెవి నిమురుతూ, "మన వీధిలోనే రోజూ కట్టే ఆయన ఉన్నాడు కదా. ఇవన్నీ ఆయన్ని అడగలేదేం?" అన్నాడు.

పరంధామయ్యగారు కేసులో ఉన్న మనిషి కాబట్టి పిలవడం పద్ధతి కాదని కృష్ణమూర్తి వివరించాడు. డగ్లస్‌కి అర్థం కాలేదు. అర్థం కానివాడు ఒప్పుకున్నట్టే లెక్కగట్టి, 'సంప్రదాయ దుస్తులు సందర్భానుసారంగా మాత్రమే' అన్నది అంతర్జాతీయ నిపుణుడి అభిప్రాయంగా నమోదు చేశారు.

చివరికి నిబంధనలు వెలువడ్డాయి. పంచెకు అనుమతించిన రోజులు ఉగాది, దీపావళి. స్థలం, సమితి అద్దెకు తీసుకున్న హాలు. ఇంటి నుంచి హాలు దాకా పైన పొడుగు కోటు తప్పనిసరి. పంచె హైదరాబాద్ నుంచి తెప్పించిన రెడీమేడ్ రకం అయి ఉండాలి: కుచ్చిళ్ళు కుట్టేసి, నడుముకి వెల్‌క్రో పట్టీ, ఐఫోన్‌కి జేబు. పంచె మోకాలి పైకి ఎగ్గడితే అది లుంగీగా పరిగణించబడుతుంది. లుంగీ ఉత్తర అమెరికాలో లేదు.

ఈ నిబంధనలు ఇరవై ఐదు కుటుంబాల కోసం అన్నారు కానీ, వాటి కింద పడేవాడు ఒక్కడే. ఆయనకు చెప్పడానికి కృష్ణమూర్తి స్వయంగా కౌశిక్ ఇంటికి వచ్చాడు. సాక్షి ఉండాలని నన్నూ పిలిచారు.

"అంకుల్, మీరు తప్పుగా అనుకోవద్దు. పంచె అంటే మాకు చాలా గౌరవం. అందుకే రోజూ కట్టొద్దంటున్నాం."

"అన్నం రోజూ తింటున్నావు కదయ్యా. గౌరవం లేకనా?" అన్నాడు పరంధామయ్యగారు.

"అది కాదంకుల్. మనం ఇక్కడ గెస్ట్‌లం. పైగా కౌశిక్ గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది."

"నా పంచెకీ వాడి కార్డుకీ ఏంటయ్యా సంబంధం?"

ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. కానీ గ్రీన్‌కార్డ్ అన్న మాట పడ్డాక మా వాళ్ళ ఇళ్ళలో ఇంక ఎవరూ నోరెత్తరు. కౌశిక్ కార్పెట్ వంక చూస్తూ, "నాన్నా, ఒక్క బస్ స్టాప్‌కే కదా. ఆ పది నిమిషాలు ప్యాంటేసుకుంటే అయిపోద్ది," అన్నాడు.

"నాకున్నవే ఆ పది నిమిషాల్రా," అన్నాడాయన.

ఆయనే మళ్ళీ అన్నాడు. "అది నా పంచె పట్టుకుని నడుస్తది. రేపు ప్యాంటేసుకుని పోతే, ఎందుకు తాతా అంటది. సిగ్గుపడి మార్చుకున్నానని చెప్పమంటావా? తాత కట్టుకున్న గుడ్డ చూసి సిగ్గుపడాలని దానికి నేనే నేర్పాలా?"

నాకు ఒళ్ళు మండింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ సుబ్బులుగారికి ఇంకా మండినట్టుంది, కృష్ణమూర్తికి పెట్టబోయిన జంతికల ప్లేటు లోపలికి తీసుకెళ్ళిపోయింది. ఆ రోజు నిబంధనలకు జరిగిన ఏకైక నిరసన అదే.

మర్నాటి నుంచి పరంధామయ్యగారు గడప దాటలేదు. కౌశిక్ ఆఫీసుకి ఆలస్యంగా వెళ్తూ తనే కూతుర్ని దింపేవాడు. "తాత ఎందుకు రాడు? ఈజ్ హీ సిక్?" అని పిల్ల అడిగితే అవునన్నాడు. ఆయన కిటికీ దగ్గర నిలబడి, బస్సు మలుపు తిరిగేదాకా చూసి, సోఫాలోకి వచ్చేవాడు.

ఉగాది వచ్చింది. హాలంతా పంచెలు. పులిహోర వరసలో వంగినప్పుడల్లా ఎవరిదో ఒక వెల్‌క్రో చర్రుమని ఊడేది, పక్కవాడు ఆదుకునేవాడు. ఇంత ఐకమత్యం మా సమితిలో నేనెప్పుడూ చూడలేదు. ముఖ్య అతిథి డగ్లస్, కిల్ట్ మీద జరీ కండువాతో. ఆయనకు 'సంస్కృతీ పరిరక్షక' అని జ్ఞాపిక ఇచ్చారు. సొంత ఆచారాన్ని రోజూ పాటిస్తున్నందుకు.

అప్పుడు లోపలికి వచ్చాడు పరంధామయ్యగారు. నల్ల ప్యాంటు, టక్ చేసిన చొక్కా.

కృష్ణమూర్తి పరిగెత్తుకొచ్చాడు. "అదేంటంకుల్! ఇవాళ పర్మిటెడ్ డే కదా, పంచె కట్టుకోలేదేం?"

"ఇవాళ మీరు కట్టుకునే రోజయ్యా. నేను కట్టుకునే రోజులన్నీ మీరు తీసేశారుగా."

గ్రూప్ ఫొటో తీసేటప్పుడు డగ్లస్ ఆయన్ని పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. డ్రెస్ కోడ్ కుదరడం లేదు, కొంచెం పక్కకి రమ్మని ఫొటోగ్రాఫర్ పరంధామయ్యగారినే అడిగాడు. ఆయన వచ్చేశాడు. ఆ ఫొటో ఇప్పుడు సమితి వెబ్‌సైటులో మొదటి పేజీలో ఉంది, 'మన పంచె, మన గర్వం' అని.

బడి మూసేదాకా ఉండాల్సిన మనిషి ఏప్రిల్ మొదటి వారంలోనే టికెట్ మార్పించుకుని భార్యతో వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్ట్‌కి పంచెలోనే వెళ్ళాడు. బెల్టు లేదు, జేబుల్లో ఏమీ లేదు కాబట్టి సెక్యూరిటీ వాళ్ళు అందరికంటే ముందు పంపించేశారు. నల్ల ప్యాంటు మడిచి కొడుకు బీరువాలో పెట్టి వెళ్ళాడు.

కౌశిక్ రోజూ ఆలస్యంగా రావడం మేనేజర్ గమనించి అడిగాడు. అసలే కార్డు ప్రాసెస్‌లో ఉంది కాబట్టి కౌశిక్ వేరే ఏర్పాటు చేసుకున్నాడు. ఇప్పుడు పొద్దున్నే స్రవంతిని బస్ స్టాప్‌కి డగ్లస్ తీసుకెళ్తున్నాడు. ఆ పిల్ల ఆయన కిల్ట్ అంచు పట్టుకుని నడుస్తుంది. ఆ దృశ్యాన్ని కృష్ణమూర్తి కారాపి ఫొటో తీసి, మన పిల్లలు కల్చర్ అంటే ఏంటో వీళ్ళని చూసి నేర్చుకోవాలని సమితి గ్రూపులో పెట్టాడు.

ఇంతవరకూ ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదు.